మూడో రోజు పిచ్చి

గల్ఫ్‌లో ఉద్యోగం దొరికిందని ఈమధ్య కొందరు కుర్ర డాక్టర్లు నన్ను చూడటానికి వచ్చారు. ఫ్యామిలీ వీసా ఇస్తారా, కారు ఇస్తారా, పిల్లలకు మంచి స్కూలుందా అని అడిగారు. అక్కడ మాకొచ్చే రోగులెవరని ఒక్కడూ అడగలేదు. వాళ్లు అడగని సంగతే రాస్తున్నాను. చదివితే బాగుపడతారు, లేదంటే వాళ్ల ఖర్మ.

నేను పుట్టింది తెనాలి పక్కన. చదువయ్యాక ప్రభుత్వం వారు నన్ను నిజామాబాద్ జిల్లాలో ఓ పల్లెటూరి ఆసుపత్రికి విసిరేశారు. అక్కడ కొన్నేళ్లు ఉండి, సౌదీలో రాస్ తనూరా దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ లేబర్ క్యాంపులో డాక్టరుగా చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. నడుం నొప్పి, కిడ్నీలో రాళ్లు, ఎండదెబ్బ, ఇంటి మీద బెంగ, ఇవీ నా దగ్గరకొచ్చే జబ్బులు. నా క్యాంపులో మన తెలంగాణ వాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు ఇంకొకటుంది. దాన్ని గుర్తుపట్టనందుకు ఎంతమందిని పిచ్చివాళ్లని ముద్రవేసి ఇంటికి తోలేశారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు.

యుద్ధమూ, నా ధైర్యమూ

ఆ సంగతికి ముందు, నన్ను ‘కమ్యూనిటీ లీడర్’ అని పిలవడం ఎలా మొదలైందో చెప్పాలి. గల్ఫ్ యుద్ధంలో ప్రాణాలకు తెగించి కార్మికుల పక్కన నిలబడ్డ మహానుభావుడు అని నన్ను వేదికల మీద పొగుడుతుంటారు. శాలువా కప్పించుకుంటూ నేనూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని వినగానే మా క్లినిక్‌లోని మన డాక్టర్లకు ఇళ్ల నుంచి టెలిగ్రాములు రావడం మొదలైంది. అమ్మకు సీరియస్, వెంటనే బయల్దేరు. ఆ ఏడాది ఆంధ్రదేశంలో డాక్టర్లను కన్న తల్లులందరికీ ఒకేసారి ప్రాణం మీదికొచ్చింది. నాకు మాత్రం టెలిగ్రాం ఇప్పించుకునే తెలివి లేకపోయింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని దగ్గర. ఆయన సరేనంటే తప్ప దేశం దాటడానికి ఖురూజ్, అంటే ఎగ్జిట్ కాగితం, దొరకదు. పోయి అడిగాను. తర్వాత చూద్దాం అన్నాడు. మళ్లీ అడిగాను, టీ తాగమన్నాడు. నా త్యాగం అంతా ఇంతే.

సైరన్ మోగినప్పుడల్లా క్యాంపు జనం రూములు వదిలి నా క్లినిక్ హాల్లోకి వచ్చి కూర్చునేవారు. డాక్టరున్న చోటికి విషవాయువు రాదని వాళ్ల నమ్మకం. ఆఫీసు వాళ్లకు మాస్కులు ఇచ్చారు, కూలీలకు టేపు చుట్టలు ఇచ్చారు. కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద తడి తువాలు పెట్టి, ఒకరి పక్కన ఒకరం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. నాకూ ఒక మాస్కు ఇచ్చారు. అంతమంది చూస్తుండగా పెట్టుకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గునే వాళ్లు ధైర్యం అనుకున్నారు.

యుద్ధం అయిపోయింది. కువైట్ చమురు బావులు మండిన మసి మా మంచాల మీద ఇంకా రాలుతూనే ఉంది, తల్లులందరికీ నయమైపోయి కొడుకులు ఆవకాయ జాడీలతో దిగారు. దిగిన మొదటి శుక్రవారమే తెలుగు సంఘం మీటింగు పెట్టి, యుద్ధ సమయంలో సంఘం చేసిన సేవలకు తమను తామే అభినందించుకున్నారు. నాకు కార్యదర్శి పదవి ఇచ్చారు. అక్కడ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణయినా చూపించాలిగా మరి.

పెద్ద డాక్టరుగారు

మా క్లినిక్‌కు చీఫ్, మా సంఘానికి అధ్యక్షుడు ఒక్కడే, డాక్టర్ రామనాథం. మనిషి చూడటానికి బావుంటాడు. మంచి సూటు, మంచి ఇంగ్లీషు. ఆయన రోగిని ముట్టుకోగా నేను ఒకే ఒక్కసారి చూశాను, అదీ కంపెనీ క్యాలెండర్‌కు ఫొటో తీసినప్పుడు. మిగతా రోజుల్లో కుర్చీలోంచే రోగాలు తేల్చేసేవాడు.

“ప్రసాద్, లేబర్ విషయంలో ఒకటి గుర్తుపెట్టుకో. ఫస్ట్ డయాగ్నోసిస్ యాక్టింగ్. అది కాదని ప్రూవ్ అయితేనే రెండోది ఆలోచించు,” అని నేను చేరిన కొత్తలో ఉపదేశం చేశాడు.

ఇలాంటి గురువులు మీకూ దొరుకుతారు. వాళ్ల దగ్గరా నేర్చుకునేది ఉంటుంది. ఆయన ఏది చెబితే దానికి ఎదురు చేస్తే రోగి బతుకుతాడని నేను తొందరగానే నేర్చుకున్నాను.

పోశెట్టి

యుద్ధం తర్వాత పనులు ముమ్మరమయ్యాయి. ఆయిలు ట్యాంకులకు రంగులు వెయ్యడానికి నిజామాబాద్ జిల్లా ఆర్మూరు వైపు నుంచి కొత్త బ్యాచ్ దిగింది. అందులో పోశెట్టి అని ముప్పై దాటిన మనిషి. వచ్చిన మూడో రోజు పొద్దున అతన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. కాళ్లూ చేతులూ లుంగీలతో మంచానికి కట్టేసి ఉన్నాయి. ఒళ్లంతా చెమట, వేళ్లు వణుకుతున్నాయి, కళ్లు గోడ మీదే ఉన్నాయి. నాలుక కొరుక్కుని నెత్తురు కారుతోంది.

వెంట వచ్చినవాడు అతని బావమరిది గంగారాం. అదే క్యాంపులో పాత కాపు.

“సారూ, మా బావకు గాలి సోకింది. నిన్నటి సంది నిద్ర లేదు. గోడలెంబడి తేళ్లు పారుతున్నయంటడు. ఇందాక కాళ్లు చేతులు కొట్టుకొని పడిపోయిండు. మా ఊరోడు ఒకడు పోయినేడు వేరే క్యాంపుల గిట్లనే అయితే పిస్సోడని ఇంటికి పంపిండ్రు. ఇప్పటికి గూడ పిల్లలు వాని మీద రాళ్లేస్తరు. మా చెల్లె నిన్నమొన్ననే పెనిమిటిని సాగదోలింది సారూ. దాని ముంగటికి వీన్ని గిట్ల ఎట్ల పంపాలె?”

“మీ బావ ఊళ్లో కల్లు తాగుతాడా?” అని అడిగాను.

గంగారాం నన్ను వింతగా చూశాడు. అన్నం తింటాడా అని అడిగినట్టు వినిపించి ఉంటుంది.

“తాగకుంట ఎట్లుంటడు సారూ? పొద్దుగాల తాగుతడు, మాపటికి తాగుతడు. వచ్చే నాడైతే దోస్తులందరు బస్సు ఎక్కే దాక తాపిండ్రు. మల్ల సౌదీల దొరకదాయె.”

కోస్తా వాళ్లకు ఇది అర్థం కాదు కాబట్టి వివరంగా చెబుతాను. చెట్టు మీద గీసిన కల్లు మానితే ఎవరికీ ఇలా కాదు. ఆ రోజుల్లో ఆ వైపు దుకాణాల్లో చాలాచోట్ల అమ్మింది కల్లు కాదు. నీళ్లలో తెలుపు కోసం ఏదో కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ లాంటి మందులు కుమ్మరించిన సరుకు. ఆపరేషన్ ముందు రోగిని జోకొట్టే మందుల్ని ఊరు ఊరంతా సీసాల లెక్కన తాగుతోంది. దాన్ని నెమ్మదిగా తగ్గించుకుంటే ఏమీ కాదు. ఒక్కసారిగా ఆపితే రెండో రోజుకు వణుకు, మూడో రోజుకు తేళ్లు, పాములు, ఫిట్స్. సరైన మందు పడకపోతే చావు. నేను నిజామాబాద్ జిల్లాలో ఉండగా ఏ కారణంచేతనో కల్లు దుకాణాలు బందైన వారంలో మా ఆసుపత్రి వరండా ఇలాంటి వాళ్లతో నిండిపోయేది. దీన్ని గుర్తుపట్టడానికి పెద్ద చదువు అవసరం లేదు. రోగి ఏ ఊరివాడో, ఇంటి దగ్గర ఏం తాగేవాడో అడిగితే చాలు. మా వాళ్లెవరూ అడగలేదు.

చూడండి, ఎంత చక్కటి ఏర్పాటో. స్నేహితుడు దూరదేశం పోతున్నాడని ప్రేమగా గొంతుదాకా తాగించి బస్సెక్కిస్తారు. వాడు దిగేదేమో చుక్క దొరకని దేశం. అక్కడ వాడికి పిచ్చి లేస్తే, మన డాక్టరే మజ్నూన్, అంటే పిచ్చివాడు, అని రాసి తిరుగు విమానం ఎక్కిస్తాడు.

రామనాథం గారు గది గుమ్మంలో నిలబడి, పోశెట్టిని రెండు నిమిషాలు చూశాడు.

“అక్యూట్ సైకోసిస్. అన్‌ఫిట్. రేపటి ఫ్లైట్‌కి పంపించెయ్. ఎయిర్‌లైన్స్ వాళ్లు ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ అడుగుతారు, సైన్ చేసెయ్.”

“సైకోసిస్ కాదండీ. కల్లులో మత్తుమందు ఆగిపోయింది. డైజిపామ్ ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ వస్తే వారంలో లేచి తిరుగుతాడు. ఇలా ఎక్కిస్తే విమానంలోనే పోతాడు.”

“టాడీ గీడీ అని ఎక్కడా రాయకు. ఇది సౌదీ. మత్తు అంటే పోలీస్ కేస్. వాడూ పోతాడు, మనమూ పోతాం. సైకోసిస్ అయితే క్లీన్‌గా ఉంటుంది.”

“డయాగ్నోసిస్ మీది కదండీ, సంతకం నాదెందుకు? మీరే పెట్టండి.”

ఆయన టై సర్దుకున్నాడు. “యూ ఆర్ ది ట్రీటింగ్ డాక్టర్, ప్రసాద్.”

అదీ సంగతి. మనిషి గాల్లో చస్తే ఆ కాగితం మీద తన పేరు ఉండకూడదు. గోడ దూకేవాడు పక్కవాడి భుజం అడిగినట్టు అడిగాడు. నేను పెట్టనన్నాను. నా ఉద్యోగం సంగతి చూస్తానన్నాడు. చూసుకోమన్నాను. నాకు అప్పుడు ఒళ్లు మండిపోతోంది, ధైర్యంతో దానికి సంబంధం లేదు.

ఇద్దరం ముదీర్ దగ్గరికి పోయాం. ముదీర్ అంటే కంపెనీ మేనేజరు, సౌదీ ఆయన. రామనాథం గారు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. ముదీర్ అంతా విని, నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు. వీడు పని చేస్తాడా? వారం ఆగితే చేస్తాడు, అయితే నెలపాటు ఎత్తు ఎక్కించకూడదు, కింద పని ఇవ్వాలి అన్నాను. జబ్బు ఏమిటన్నాడు. ఇంటి దగ్గర వాడే నిద్రమందు ఒక్కసారిగా మానేశాడు, అందువల్ల మూర్ఛ వచ్చింది అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయితే ఉంచు అని చెప్పి ఫోన్ అందుకున్నాడు. అంత పెద్ద ఇంగ్లీషు ఉపన్యాసం అలా తేలిపోయింది.

మందు మొదలుపెట్టాక తేళ్లు తగ్గాయి. తర్వాత నిద్రపట్టింది. వారం తిరక్కుండానే పోశెట్టి లేచి కూర్చుని, గంజి తాగి, నా ముఖంలోకి చూడకుండా అడిగాడు.

“సారూ, నేనేమన్న ఒర్లిన్నా?”

“అరిచావు.”

“నలుగురు విన్నరా?”

“క్యాంపు మొత్తం విన్నది. అది పిచ్చి కాదు పోశెట్టీ. నువ్వు తాగినదాంట్లో మందు కలిపారు. ఆ మందు ఆగితే ఎవరికైనా అంతే, నాకైనా అంతే.”

“మీకెందుకైతది సారూ,” అని కొంచెం నవ్వాడు.

పరువు

పోశెట్టి గండం గడిచింది. కానీ వెనకాల ఇంకో బ్యాచ్ వస్తోంది, అందులో అతని తమ్ముడు కూడా ఉన్నాడు. వీళ్లందరినీ క్యాంపులో కాపాడుకుంటూ కూర్చోవడం కన్నా, బయల్దేరకముందే నెలరోజులు కొద్దికొద్దిగా తగ్గించుకుని రమ్మని ఊళ్లకు కబురు పంపితే సరిపోతుంది. ఆ మాట సంఘం మీటింగులో పెట్టాను. కార్యదర్శిని కదా నేను.

మీటింగు రామనాథం గారి విల్లాలో. పెసరట్లు బాగున్నాయి. ఉగాదికి గాయకుణ్ణి ఎవర్ని పిలిపించాలని రెండు గంటలు చర్చించాక నా వంతు వచ్చింది. చెప్పాను. ఒక ఇంజనీరు గారు ప్లేటు పక్కన పెట్టారు.

“తెలుగువాళ్లంటే తాగుబోతులు అన్న ఇంప్రెషన్ వస్తుందండీ. మన పరువు కూడా చూసుకోవాలి.”

“ఎవరి పరువండీ? మంచానికి కట్టేసినవాడి పరువా, మీ పరువా?”

“ప్రసాద్ గారూ, వాళ్లది వేరే కల్చర్. మనకు సంబంధం ఏముంది?”

వాళ్లట, మనమట. విమానంలో పక్కపక్క సీట్లలో దిగినవాళ్లు ఇక్కడికి రాగానే వాళ్లూ మనమూ అయిపోయారు. సంక్షేమానికి ఒక కమిటీ వేద్దామని రామనాథం గారు సూచించారు. చప్పట్లు కొట్టారు. ఆ కమిటీ నాకు తెలిసినంతలో ఒక్కసారీ కూర్చోలేదు. సంఘాలకు వెళ్లొద్దని మీకు చెప్పను. వెళ్లండి, పెసరట్టు తినండి, పని మాత్రం బయట చేసుకోండి.

క్యాసెట్టు

అప్పట్లో మా క్యాంపులో ఉత్తరాలు రాసేవాళ్లు తక్కువ. క్యాసెట్టు నింపేవాళ్లు. దమ్మాంలో ఖాళీ క్యాసెట్టు కొని, టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఇంటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడి, సెలవుకు పోయేవాడి చేతికి ఇస్తారు. ఊళ్లో దాన్ని ఒక్క ఇల్లు వినదు. వాకిట్లో పెట్టి వాడకట్టంతా వింటుంది. ఎవరి బర్రె ఈనిందో, ఎవరు పోయారో చెబుతూ దాని వెనకాలే జవాబు క్యాసెట్టు వస్తుంది.

కబురు ఇలాగే పంపాలనుకున్నాను. కానీ నా గొంతు వాళ్లెవరూ నమ్మరు. డాక్టర్లు కల్లు తాగొద్దంటూనే ఉంటారు, వాళ్లు తాగుతూనే ఉంటారు. జరిగినవాడు చెప్పాలి. పోశెట్టిని అడిగాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

“సారూ, ఇక్కడ నన్ను పిస్సోడన్నోళ్లు ఇద్దరో ముగ్గురో. నా నోటితోని నేనే చెప్పుకుంటె ఊరంత అంటది. పిల్లలు బడికి పోతరు సారూ.”

“నీ తమ్ముడు వచ్చే బ్యాచ్‌లో ఉన్నాడు.”

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. రోగిని ఒప్పించడానికి నిజాన్ని మించిన మొరటు ఆయుధం లేదు. శుక్రవారం మధ్యాహ్నం గంగారాం రికార్డర్ తెచ్చాడు. క్లినిక్ తలుపు వేసి కూర్చున్నాం. పోశెట్టి మైకులోకి కాకుండా గోడ వైపు తిరిగి పెళ్లాంతో మాట్లాడాడు.

“లచ్చవ్వా, నేను పోశెట్టిని. మంచిగున్న. అందరిని పిలువు, అందరు వినాలె. ఈడికొచ్చినంక నాకు పిస్స లేసినట్టయింది. మంచానికి కట్టేసిండ్రు. అది పిస్స గాదు. మన కల్లుల మందు కలుపుతుండ్రు, అది ఒక్కసారి బందువెడితె గట్లయితదట. తమ్మీ, నువ్వొచ్చేటప్పుడు నెలరోజుల సంది కొంచెం కొంచెం తగ్గించుకుంట రా. బస్సు కాడ ఎవడన్న పోస్తె తాగకు. నా పానం మీదొట్టు.”

అంతే మాట్లాడగలిగాడు. క్యాసెట్టు ఊరికి పోయింది. ఆ తర్వాత రోజుల్లో పోశెట్టి నాకు ఎదురుపడటం మానేశాడు. ఎందుకు చెప్పించాడురా అని నన్ను తిట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. తప్పేముంది, తిట్టుకోనీ.

కొత్త బ్యాచ్ వచ్చింది. పోశెట్టి తమ్ముడు చేతులు కాస్త వణుకుతూ దిగాడు గానీ, మూడో రోజు పనికి పోయాడు. అతని వెంట వచ్చిన వాళ్లలో ఆ ఊరివాళ్లెవరికీ మంచం అవసరం రాలేదు. సంక్షేమ కమిటీ కృషి ఫలించిందని రామనాథం గారు ఉగాది వేదిక మీద ప్రకటించారు. గాయకుడు బాగానే పాడాడు.

తమ్ముడి చేతే జవాబు క్యాసెట్టు వచ్చింది. ఒక్కడే వినడానికి జంకి పోశెట్టి దాన్ని నా దగ్గరికే తెచ్చాడు. లచ్చవ్వ గొంతు గట్టిది. మొదట మొగుణ్ణి బాగా తిట్టింది, తనకు ముందు చెప్పకుండా ఊరందరి ముందు పెట్టించాడని. పోశెట్టి తల దించుకుని నవ్వుకున్నాడు. పిస్సోడని ఎవరైనా అంటే నోరు పడిపోయేట్టు తిట్టి వస్తున్నానని చెప్పింది. తర్వాత గొంతు తగ్గింది. పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడినట్టుంది.

“నువ్వు బస్సెక్కిన్నాడు నేను గూడ బందువెట్టిన. ఆయనకు అక్కడ దొరకదాయె, ఇక్కడ నేనొక్కదాన్ని తాగుడేంది అనుకున్న. మూడొద్దులకు చేతులు వణికినయి. గోడలెంబడి తేళ్లు పారినయి. దయ్యం వట్టిందని తోల్కపోయి చింతబరిగెలతోని కొట్టిండ్రు. కొట్టినంక మల్ల ఇంత తాపిండ్రు, తక్కువైంది. దయ్యం పోయిందన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. నీ మాటిన్నంక తెలిసింది నాది గూడ గదే అని. మల్ల తాగుతున్న, ఏం జెయ్య. గా డాక్టరు సారును అడుగు. ఆడోళ్లకు గూడ గదే మందా? ఎట్ల ఇడ్వాలె నేను?”

క్యాసెట్టు అయిపోయింది. పోశెట్టి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. గంగారాం లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఒకే ఇంట్లో, ఒకే రోజున, ఒకే జబ్బు. మొగుడికి కంపెనీ డాక్టరు దొరికాడు, పెళ్లానికి చింతబరిగె దొరికింది.

పోశెట్టి కొత్త క్యాసెట్టు పెట్టి రికార్డర్ నా ముందుకు జరిపాడు. తను మాట్లాడనని చేత్తో సైగ చేశాడు. బటన్ నొక్కాను. ఎంత తాగుతోందో దాంట్లో ఎంత తగ్గించాలో, ఏ ఊరి ఆసుపత్రికి పోవాలో, ఏ మందు అడగాలో అన్నీ నాకు తెలుసు. అయినా ముందు, “దెబ్బలు మానాయా అమ్మా?” అని అడిగాను. జవాబు చెప్పడానికి అవతల ఎవరూ లేరని తెలిసి కూడా కాసేపు ఆగాను. ఆ తర్వాత మందు పేరు చెప్పాను.